వాసన మీద పెట్టిన సంతకం

ఊట్లపల్లిలో తన కోళ్ళ షెడ్డు ఇవాళ నడుస్తున్నదంటే అందుకు నలుగురు ఆడవాళ్ళు కారణమని కిషన్‌లాల్ చెబుతాడు. అందులో మొదట చెప్పే పేరు, షెడ్డు మూయాలన్న కాగితం మీద సంతకం పెట్టిన మనిషిది. వినేవాళ్ళు పొరపాటున చెప్పాడనుకుంటారు. ఆయన పొరపాటున చెప్పడు.

ఊట్లపల్లి లింగంపేట మండలంలో, ఎల్లారెడ్డి రోడ్డుకు కిలోమీటరున్నర లోపల ఉంటుంది. నూట నలభై ఇండ్లు. వరి, మక్క వేస్తారు. అరవై ఇండ్లలో ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. ఊరికి పడమర, చివరి ఇంటికి మూడు వందల అడుగుల దూరంలో కిషన్‌లాల్ షెడ్డు ఉంది. ఆయనది పక్క తండా. తొమ్మిదేండ్లు ముంబయి దగ్గర భివండిలో మగ్గాల మీద పనిచేసి, నాలుగేండ్ల కింద వచ్చి ఈ షెడ్డు వేసుకున్నాడు. కోడిపిల్లలను, దాణాను కంపెనీ ఇస్తుంది. ఆరు వారాలు పెంచి అప్పజెప్పాలి. ఆయన, భార్య సేవ్లి, తొమ్మిదో తరగతి చదివే కూతురు అంజలి షెడ్డు పక్కనే రెండు రేకుల గదుల్లో ఉంటారు.

ఆగస్టు మొదటి వారంలో మూడు రోజులు ముసురు పట్టింది. షెడ్డులో పరిచిన ఊక తడిసింది. పడమటి గాలికి ఆ కంపు ఊరంతా పరుచుకుంది. అదే మంగళవారం ఊళ్ళో మొదటి మనిషికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. శుక్రవారానికి పదకొండు మంది పడ్డారు. వాసన వచ్చిన రోజే రోగం వచ్చింది. ఇది నిజం. రెండూ ఒకే వానకు వచ్చాయి.

ఊట్లపల్లితో కలిపి నాలుగు ఊళ్ళకు ఆరోగ్య కార్యకర్త అరుణజ్యోతి. ఊరి వాళ్ళు నర్సమ్మ అంటారు. ఆరేండ్లుగా అక్కడే పని. ఆ నాలుగు రోజులూ ఆమె ఓఆర్ఎస్ పాకెట్లు పంచింది. నీరసించిన వాళ్ళను ఎల్లారెడ్డి ఆసుపత్రికి పంపింది. నల్లా నీళ్ళను పరీక్ష చేసింది. క్లోరిన్ ఉండాల్సినంత ఉంది. ఇంటింటికీ పోయి ఏం నీళ్ళు తాగుతున్నారని అడిగింది. అందరూ నల్లా నీళ్ళేనన్నారు. రిజిస్టర్‌లో అదే రాసుకుంది.

శుక్రవారం సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు నలభై మంది చేరారు. సర్పంచు లేడు, పదవీకాలం ముగిసింది. పంచాయతీ కార్యదర్శి అజయ్ బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఊళ్ళోకి బదిలీ మీద వచ్చి ఏడాదైంది.

"ముక్కున్నోళ్ళకు ఎవరికన్న చెప్పాల్నా సార్?" అన్నది తార. బీడీలు చేసే వాళ్ళలో ఆమె మాట నడుస్తుంది. తనకూ రెండు రోజులు వాంతులయ్యాయి. గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడింది. "కంపు ఇంట్లకొచ్చింది, ఎంబడే రోగమొచ్చింది. షెడ్డు తీసేస్తే రెండూ పోతయి."

"నర్సమ్మా, మీరేమంటరు?" అన్నాడు అజయ్.

అరుణజ్యోతికి అప్పటికి నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు. నీళ్ళు బాగున్నాయి. తిండి ఇంటింటికీ వేరు. మిగిలింది గాలి. ఈగలు కూడా పెరిగాయి. అజయ్ కాగితం రాశాడు. "కోళ్ళ షెడ్డు దుర్వాసన కారణంగా గ్రామంలో వాంతులు, విరేచనాలు ప్రబలినవి. అనుమతి రద్దు చేయాలని కోరుతున్నాము." ఆమె చదివి సంతకం పెట్టింది. బుధవారం పదకొండు గంటలకు గ్రామసభ అని చాటింపు వేశారు.

శనివారం అజయ్ ట్యాంకరు పిలిపించి మోరీల్లో మురుగంతా కడిగించాడు. సాయంత్రానికి ఊళ్ళో కంపు తగ్గింది. జనం ఆయనను మెచ్చుకున్నారు. ఆదివారం, సోమవారం రెండు రోజుల్లో మరో పదహారు మంది పడ్డారు. మొత్తం ఇరవై ఏడు.

ఆదివారం పొద్దున కిషన్‌లాల్ ఉపకేంద్రానికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"లోపలికి రా అన్నా," అన్నది అరుణజ్యోతి.

"వద్దు సిస్టరమ్మా, బట్టలకు కోళ్ళ వాసనొస్తది. మల్ల ఇక్కడున్నోళ్ళకు రోగమంటరు." అని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"కాగితం మీద నీ సంతకం చూసిన. నిన్ను అడగనికి రాలె. నువ్వు సదువుకున్నదానివి, తెల్వకుండ పెట్టవు. అనుమతి పోతే కంపెనీ బుధవారమే కోడిపిల్లలను ఎత్కపోతది. ఒకసారి పోయినంక మల్ల ఇయ్యదు. భివండికి పోవుడే. నాకు కొత్త గాదు. మా పోరి సదువే ఆగుతది." పోబోయి వెనక్కి తిరిగాడు. "ఒక్క ముచ్చట అడుగుత. గా కంపుల మేం ముగ్గురం రాత్రింబగళ్ళు ఉంటున్నం. మాకెందుకు రాలె?"

"తెల్వదన్నా," అన్నది.

"తెలిస్తే చెప్పు," అని ఆయన చెప్పులేసుకుని పోయాడు.

సోమవారం రోగుల మలం శాంపిళ్ళు పరీక్షకు ఇవ్వడానికి ఆమె కామారెడ్డి పోయింది. జిల్లా ల్యాబులో పెట్టె అప్పజెప్పి, స్టేషను వెనక సందులో గ్లోరీ మేడం ఇంటికి నడిచింది. గ్లోరీ మేడం ఇంటర్‌లో ఆమెకు జువాలజీ చెప్పారు. రిటైరై పదమూడేండ్లు. డెబ్బై ఒకటి దాటింది. మోకాళ్ళ నొప్పి వల్ల కుర్చీలోంచి లేవకుండానే తలుపు తీసుంది రమ్మన్నారు.

అరుణజ్యోతి జరిగింది చెప్పింది. మేడం మధ్యలో ఆపలేదు. అయ్యాక అన్నారు.

"సంతకం పెట్టేముందు ఫోన్ చేస్తరు. పెట్టినంక వస్తరా ఎవరన్నా?"

"తప్పే మేడం."

"తప్పని నేననలె. నీకంటె పెద్ద పెద్దోళ్ళు పెట్టిన్రు. నూట డెబ్బయేండ్ల కింద లండన్‌ల డాక్టర్లందరు పెట్టిన్రు. కలరా గాలిల వస్తదన్నరు. కుళ్ళిన దాని మీంచి లేచే గాలి పీలిస్తె రోగమన్నరు. వాళ్ళు పిచ్చోళ్ళు గాదు. కంపు ఏ గల్లీల ఉన్నదో రోగం ఆ గల్లీలనే ఉన్నది. కండ్ల ముందట కనబడుతుండె."

పనిమనిషి చాయ్ తెచ్చింది. మేడం తన గ్లాసు చల్లారబెట్టుకుంటూ చెప్పారు. లెక్కల ఆఫీసులో విలియం ఫార్ అనే ఆయన ఉండేవాడట. లండన్‌లో ఏ వారం ఏ వాడలో ఎంతమంది చనిపోయారో రాసేవాడు. నది దిక్కు ఎంత పల్లంలో ఉంటే అంత ఎక్కువ చావులని ఆయన లెక్కలో తేలింది.

"లెక్క కరెక్టే," అన్నారు మేడం. "పల్లంల చెడు గాలి నిలుస్తది, అందుకే చస్తున్నరన్నడు. పల్లంల ఉన్నోళ్ళు తాగేది ఏ నీళ్ళో చూడలె. జాన్ స్నో అని ఇంకో డాక్టరు, నీళ్ళల్ల ఉన్నదన్నడు. ఎవరూ నమ్మలె. ఫార్ గూడ నమ్మలె. కాని స్నో అడిగితే తన లెక్కలు ఇచ్చిండు. తన మాట తప్పని చూపెట్టనీకి తన పుస్తకమే ఇచ్చిండు. నాకు ఆ స్నో కంటె గీ ఫార్ అంటెనే గౌరవం. పన్నెండేండ్లకు కలరా మల్లొస్తే ఆ ఫారే నీళ్ళ మీద లెక్క తీసి, నీళ్ళే అన్నడు. అప్పటికి స్నో లేడు, పోయిండు."

"స్నో ఎట్ల పట్టిండు మేడం?"

"రోగమొచ్చినోళ్ళనే గాదు, రానోళ్ళను గూడ అడిగిండు. ఒక గల్లీల బోరింగు చుట్టు ఐదారు వందల మంది చచ్చిపోయిన్రు. ఆ బోరింగు పక్కనే బీరు చేసే కార్ఖానా. పనోళ్ళు డెబ్బై మంది. ఒక్కడు గూడ చావలె. ఎందుకు? వాళ్ళు ఆ నీళ్ళు ముట్టలె. కార్ఖానాల బీరు ఊకెనే పోస్తరు, అదే తాగిన్రు."

"ఈ ముచ్చట మా ఊళ్ళె మగోళ్ళకు చెప్పొద్దు మేడం."

మేడం నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ ఊళ్ళె ఆ మాట అడిగింది ఎవరన్నవు? మాకెందుకు రాలేదని?"

"కిషన్‌లాల్. షెడ్డాయనే."

"ఒకసారి తీసుకురా. ముప్పై మూడేండ్లు పాఠం చెప్పిన, ఒక్క స్టూడెంటు గా ప్రశ్న అడగలె." సెప్టెంబరులో కిషన్‌లాల్ పోయాడు. మేడం ఆయనను రెండు గంటలు కూర్చోబెట్టి కోళ్ళ రోగాల గురించి అడిగి రాసుకున్నారు. తనను సార్ అని పిలిచారని ఆయన తండాలో ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆ సోమవారం మాత్రం మేడం ఇంకో మాట చెప్పారు. లండన్ వాళ్ళు కంపు పోవాలని ఇండ్లలో మురికినంతా నదిలోకి పంపారు. ఇండ్లలో కంపు తగ్గింది. నది నీళ్ళు తాగిన వాళ్ళు ఇంకా ఎక్కువ చనిపోయారు.

అరుణజ్యోతి చాయ్ గ్లాసు కింద పెట్టింది. "శనివారం మేం మోరీలు కడిగించినం."

"నీళ్ళు ఎటు పోయినయ్?"

"పల్లానికి."

"పల్లంల ఏమున్నది?"

"పాత చేదబావి. కాని ఆ నీళ్ళు ఎవ్వరూ తాగరు మేడం. ఇంటింటికి నల్లా ఉన్నది."

"నీకెట్ల తెలుసు?"

"అడిగిన. రాసుకున్న."

"ఏమని అడిగినవ్?"

"ఏం నీళ్ళు తాగుతరని."

"ఇగ అడగకు. కూసొని చూడు," అన్నారు మేడం.

మంగళవారం పొద్దున్నే అరుణజ్యోతి ముందుగా షెడ్డుకు పోయింది. సేవ్లి దాణా పోస్తున్నది. షెడ్డు పక్కన బోరు, దాని మీద సింటెక్సు ట్యాంకు. కోడిపిల్లల నీళ్ళలో కంపెనీ సూపర్‌వైజరు చెప్పిన కొలతకు క్లోరిన్ మందు కలుపుతారు. అదే పైపు వాళ్ళ గదుల్లోకి కూడా ఉంది.

"మీరు తాగేది ఇవేనా సేవ్లక్కా?"

"ఇవే. కోళ్ళకు రోగమొస్తే కంపెనీ కారేసుకొని వస్తది. మాకొస్తే ఎవలొస్తరు? అందుకే కోళ్ళ నీళ్ళే తాగుతం."

అరుణజ్యోతి అక్కడి నుంచి తార ఇంటికి పోయింది. తార అప్పటికి తేరుకుని పనిలో కూర్చుంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. అరుణజ్యోతి గోడవారన పీట వేసుకుంది.

"ఏం పని నర్సమ్మా? మల్ల ఏం నీళ్ళని అడుగుతవా?"

"ఏం లేదు. కాళ్ళు నొస్తున్నయి. జర కూసుంట."

"కూసో. ఊకె కూసుంటే జీతం పడేది మీకే."

అరగంట గడిచింది. తార చేతులు ఆగలేదు. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. అరగంట అయ్యాక ఆమె ఎడమ చెయ్యి పక్కకు చాచింది. అక్కడ ఒక బిందె ఉంది. గ్లాసు ముంచి తాగి, చేతి వెనకతో మూతి తుడుచుకుని మళ్ళీ ఆకు తీసుకుంది.

"అక్కా, ఆ బిందెల ఏం నీళ్ళు?"

"ఆకు నీళ్ళు."

"అంటే?"

"ఆకు తడిపే నీళ్ళు. బావియి." తార ఆమెను తెలివి లేని మనిషిని చూసినట్టు చూసింది. "నల్లా నీళ్ళకు మందు వాసనొస్తది. ఆకు తడిపితే ఆకుకు పడ్తది. మూడేండ్ల కింద నల్లాలొచ్చిన కొత్తల గట్లనే తడిపిన. టేకేదారు వాసన చూసి ఎన్మిది కట్టలు పక్కకు పెట్టిండు."

ఊళ్ళోకి ఆకు, తంబాకు తెచ్చి ఇచ్చి, చేసిన బీడీలు చూసి తీసుకుపోయే వాణ్ణి టేకేదారు అంటారు. ఊట్లపల్లికి ఇద్దరు వస్తారు.

"మొన్న నేను అడిగితే నల్లా నీళ్ళు తాగుతమన్నవు కద అక్కా."

"తాగుడు నల్లావే. అన్నానికి, పప్పుకు, చాయ్‌కు అన్ని నల్లావే. ఇది పనిమీద కూసున్నప్పుడు. చేతికి తంబాకు ఉంటది, లేచి అర్రలకు పోతనా? పక్కన బిందె ఉండంగ?" అని బిందె వైపు చూసింది. "ఇది తాగుడు కిందికొస్తదా?"

అరుణజ్యోతి రిజిస్టరు తీసింది.

ఆ పగలంతా ఆమె, ఆశా కార్యకర్త కళ్యాణి చెరో వాడ పంచుకుని నూట నలభై ఇండ్లు తిరిగారు. ఈసారి ఒకటే చూశారు. చాట పక్కన బిందె ఉందా, అందులో ఏ నీళ్ళు. అరవై బీడీ ఇండ్లలో ముప్పై ఎనిమిది ఇండ్లు వాసన చూసే టేకేదారువి. ఆ ముప్పై ఎనిమిదిలోనూ బావి నీళ్ళ బిందె ఉంది. ఇరవై ఒక్క ఇండ్లలో రోగం వచ్చింది. మిగతా ఇరవై రెండు ఇండ్లు రెండో టేకేదారువి. ఆయన వాసన చూడడు. వాళ్ళు ఆకు నల్లా కింద తడుపుతారు. ఒక్క ఇంట్లో కూడా రోగం లేదు. బీడీలు చేయని ఎనభై ఇండ్లలో ఒకే ఒక్క మనిషి పడ్డాడు. ట్రాక్టరు నడిపే ఆశన్న.

ఇంకొక పేరు మిగిలింది. సాలవ్వ, అరవై ఎనిమిదేండ్లు. ఊట్లపల్లి చిరునామాతో ఎల్లారెడ్డి ఆసుపత్రిలో ఉంది. ఊళ్ళో అడిగితే, ఆమె కూతురి దగ్గర ఉంటున్నదని, ఎల్లారెడ్డికి పోయి ఐదు వారాలైందని చెప్పారు. అరుణజ్యోతి సాయంత్రం బస్సుకు పోయింది.

సాలవ్వ చేతికి సెలైన్ ఎక్కుతున్నది. ఆదివారం ఆమెకు నాడి దొరకలేదని అక్కడి నర్సు చెప్పింది. ఇప్పుడు మాట్లాడుతున్నది.

"అవ్వా, ఈడ గూడ బీడీలు చేస్తున్నవా?"

"చెయ్యక? చేతులు ఊకుంటయా బిడ్డా?"

"ఆకు ఏ నీళ్ళతోటి తడుపుతున్నవ్?"

"టవును నీళ్ళకు ఆకు కంపు కొడ్తది. మా అల్లుడు ఆటోల లింగంపేట దిక్కు పోయినప్పుడు ఊరి బాయిల కెళ్ళి డబ్బల పట్టుకొస్తడు. మంచోడు. అడిగినంత తెస్తడు."

"తాగినవా అవి?"

సాలవ్వ ఆమె వైపు తల తిప్పింది. "మా ఊరి నీళ్ళు పక్కన పెట్టుకొని వేరే నీళ్ళు తాగుతనా బిడ్డా?"

అరుణజ్యోతి మంచం అంచున కూర్చుని కాసేపు ఆమె పాదాల మీద చెయ్యి వేసింది. "జల్ది మంచిగ గావాలె అవ్వా," అన్నది. "నువ్వు చెప్పింది శానా పనికొచ్చింది."

"నేనేం జెప్పిన," అన్నది సాలవ్వ.

బుధవారం గ్రామసభకు నూట యాభై మంది వచ్చారు. కిషన్‌లాల్ మగవాళ్ళ చివర, సేవ్లి ఆడవాళ్ళ చివర కూర్చున్నారు. కంపెనీ సూపర్‌వైజరు బండి ఆపుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. తీర్మానం అయితే లారీకి ఫోన్ చేయాలి.

అజయ్ కాగితం చదవబోతుంటే అరుణజ్యోతి లేచింది.

"సార్, ఆ కాగితం మీద నా సంతకం తప్పు. వెనక్కి తీసుకుంటున్న. ఇది రాసి తెచ్చిన." ఇంకో కాగితం ఇచ్చింది.

"మొన్నొక మాట, ఇయ్యాలొక మాట," అన్నారు ఎవరో వెనక నుంచి.

"మొన్న వాసన చూసి పెట్టిన. నిన్న ఇండ్లు చూసి రాసిన." ఆమె రిజిస్టరు తెరిచి ముప్పై ఎనిమిది, ఇరవై రెండు, ఎనభై అని చదివింది. మోరీ నీళ్ళు పోయే దారి చెప్పింది. "సాలవ్వ ఎల్లారెడ్డికి పోయి ఐదు వారాలాయె. ఆమెకు షెడ్డు వాసన ఎట్ల తాకింది? షెడ్డుల పండుకునే ముగ్గురికి ఎందుకు తాకలె?"

ఆశన్న లేచాడు. "నేను బీడీలు చేస్తనా నర్సమ్మా? నాకెందుకొచ్చింది?"

"తెల్వదన్నా."

జనం నవ్వారు. "తెల్వదని గూడ రాసుకున్న," అన్నది అరుణజ్యోతి. "ఒక్కడిని పట్టుకొని ఏం చెప్పలేం." ఆశన్న సంగతి ఇప్పటికీ తేలలేదు.

"అయితే బావి మూయాలె," అన్నాడు అజయ్.

ఆడవాళ్ళ వైపు అలికిడి మొదలైంది. తార లేచింది. "బావి మూస్తే ఆకు దేనితోటి తడపాలె సార్? మీరొచ్చి ఊదుతరా? మందు వాసనొస్తే ఆయన కట్టలు తీసుకోడు. ముప్పై ఎనిమిది ఇండ్లు ఎట్ల బతకాలె? షెడ్డు ఒక్క ఇంటిది. షెడ్డే తీసెయ్యిండ్రి."

"షెడ్డు తీసేస్తే రోగం పోదక్కా," అన్నది అరుణజ్యోతి.

"నువ్వు చెప్పినవు, నేను విన్న. నమ్మిన గూడ. బీడీలెట్ల చెయ్యాల్నో గూడ చెప్పు."

అరుణజ్యోతి రిజిస్టరు మూసింది. అజయ్ గడియారం చూసుకున్నాడు. కిషన్‌లాల్ తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"వాసన పోతది," అన్నది సేవ్లి.

ఆమె లేవలేదు. కూర్చున్న చోటు నుంచే అన్నది. వినబడని వాళ్ళు ఏమన్నదని పక్కవాళ్ళను అడిగారు.

"లేచి చెప్పు సేవ్లీ," అన్నది తార.

సేవ్లి లేచి కొంగు సవరించుకుంది. "కోడిపిల్లలకు టీకా నీళ్ళల్ల కలిపి తాపుతం. నీళ్ళల్ల మందుంటే టీకా చచ్చిపోతది. అందుకని టీకా ముందు దినం వెడల్పు తొట్లల్ల నీళ్ళు పోసి ఎండకు పెడ్తం. వాసన పోతది. ముక్కు పెట్టి చూసినా రాదు. గవి ఆకుకు పెట్టుకోండ్రి. తాగనీకి మాత్రం నల్లాల కెళ్ళి పట్టుకోండ్రి."

ఆడవాళ్ళు తార వైపు చూశారు.

"ఎన్ని గంటలు పెడ్తరు?" అన్నది తార.

"పొద్దుగాల పెడ్తే పొద్దూకె వరకు పోతది. మబ్బు పడితే తెల్లారి దాక ఉంచాలె."

"గంగాళం నడుస్తదా?"

"నడుస్తది. మూత పెట్టొద్దు. జాలి గుడ్డ కప్పుండ్రి."

తార అజయ్ వైపు తిరిగింది. "సార్, శుక్రవారం దాక ఆగుండ్రి. గీ నీళ్ళతోటి చేసి టేకేదారుకు చూపెడ్త. ఆయన తీసుకుంటే బావి మూసుకోండ్రి. తీసుకోకుంటే మల్ల మాట్లాడుదం."

అజయ్ తీర్మానం శుక్రవారానికి వాయిదా వేశాడు. సూపర్‌వైజరు బండి తీసుకుని పోయాడు.

ఆ మధ్యాహ్నమే బడి ఆవరణలో మూడు గంగాళాలు పెట్టారు. ఎండ వచ్చింది. సాయంత్రం తార వంగి ఒక్కో గంగాళం వాసన చూసింది. పక్కవాళ్ళతో చూపించింది. బిందె నింపుకుని పోయి ఆకు తడిపింది. గురువారం చుట్టింది. ఆమెతో పాటు ఇంకో ఐదుగురు చుట్టారు. కళ్యాణి ఆ రెండు రోజులూ బావి దగ్గర కాపలా ఉంది.

ఎల్లారెడ్డి పోయే దారిలో టేకేదారు గది ఉంది. శుక్రవారం పదింటికి ఆరుగురూ గంపలు దించారు. టేకేదారు ఒక కట్ట తీసి అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కింద పెట్టి ఇంకోటి తీశాడు. ఆరు గంపల్లోనూ చూశాడు. పుస్తకంలో రాసుకుని, తర్వాత వాళ్ళను రమ్మన్నాడు. ఆయనకు విషయం తెలియదు.

బయటికి వచ్చి తార అరుణజ్యోతికి ఫోన్ చేసింది. "తీసుకున్నడు," అన్నది. "నువ్వు ఆ దినం మా ఇంట్ల కూసున్నది మంచిదైంది నర్సమ్మా," అని పెట్టేసింది.

మధ్యాహ్నం బావి మీద సిమెంటు పలకలు పరిచారు. అనుమతి రద్దు తీర్మానం మళ్ళీ సభ ముందుకు రాలేదు. శనివారం ల్యాబు రిపోర్టు వచ్చింది. ఆరు శాంపిళ్ళలో రెండింట్లో కలరా క్రిమి ఉంది. ఊళ్ళో చివరి కేసు కూడా ఆ శనివారమే. ఎవరూ చనిపోలేదు. సాలవ్వ మంగళవారం ఇంటికి పోయింది.

పలకలు పరిచిన ఆ శుక్రవారమే సాయంత్రం తార షెడ్డుకు నడిచింది. నాలుగేండ్లలో ఆమె అటు పోవడం అదే మొదలు. దగ్గరికి వచ్చేసరికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"కంపైతే కొడ్తుందే సేవ్లీ."

"కొడ్తదక్కా. కోళ్ళు గద."

"వానొస్తే ఊక మార్చుండ్రి. మేం ఇండ్లల్ల ఉండాల్నా వద్దా?"

"మార్పిస్త. నిన్న సగం మార్పిచ్చిన," అన్నాడు కిషన్‌లాల్. నులక మంచం వాల్చాడు.

తార కూర్చుంది. "బుధారం నాడు నీ షెడ్డు తీసెయ్యమన్న," అన్నది.

"అన్నవు."

"ముప్పై ఎనిమిది ఇండ్లు కండ్లల్ల తిరిగినయి. నీ ఇల్లు తిరగలె." ఆమె షెడ్డు వైపు చూసింది. "నీ పెండ్లాం నోరు తెరవకపోతే ఇయ్యాల నువ్వు రైల్ల ఉందువు. మేం బావి నీళ్ళు తాగుతుందుము."

సేవ్లి లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. తార కొంగు తీసి గ్లాసు అందుకుంది. నోటి దాకా తెచ్చి ఆగింది.

"మందు వాసన," అన్నది.

"అదే వాసన అక్కా," అన్నది సేవ్లి.

తార గ్లాసు మొత్తం తాగింది. ఖాళీ గ్లాసు సేవ్లి చేతికిచ్చి, ఇంకో గ్లాసు అడిగింది.